ఒకే సినిమా, అయిదు డిస్కులు: క్లాసిక్, ఆర్ట్ సినిమాలు సేకరించేవాళ్ళకు

భారీ సినిమా డిస్క్ కొనడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. విడుదల రోజున కొన్నా రెండేళ్ళు ఆగి కొన్నా దొరికేది అదే సరుకు. ఆగినవాళ్ళకు ఇంకాస్త చవగ్గా దొరుకుతుంది. హక్కులు స్టూడియో చేతిలోనే ఉంటాయి, ప్రతులు అయిపోతే మళ్ళీ వేస్తారు, కొన్నాళ్ళకు అట్ట మార్చి ఇంకోసారి వదులుతారు. పాత క్లాసిక్‌లు, ఆర్ట్ సినిమాల దగ్గర ఇదంతా తలకిందులు. హక్కులు ఒకరివి, నెగటివ్ ఇంకొకరి దగ్గర, డిస్క్ వేసేది మూడోవాళ్ళు. ఆ మూడోవాళ్ళ ఒప్పందం కొన్నేళ్ళకే. రెండు మూడు వేల ప్రతులు వేసి ఆపేసే చిన్న లేబుళ్ళూ ఉన్నాయి. పైగా ఒకే సినిమాను నాలుగు దేశాల్లో నాలుగు లేబుళ్ళు వదిలితే నాలుగు బొమ్మలూ నాలుగు రకాలుగా ఉండొచ్చు. అందుకని ఇక్కడ "ఆ సినిమా నా దగ్గరుంది" అంటే సగం మాటే. ఏ ప్రతి ఉందన్నది మిగతా సగం.

భారీ సినిమాలతో పట్టుబడ్డ అలవాట్లే ఈ దారిలో ఎక్కువ నష్టం చేస్తాయి. కొత్త విడుదలే మెరుగని నమ్మడం, గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి రేణువులు) కనిపిస్తే లోపమనుకోవడం, తెర నిండకపోతే మోసపోయామనుకోవడం, స్పీకర్లన్నీ మోగకపోతే వెలితిగా ఉండడం, ధర తగ్గేదాకా ఆగడం. ఈ అయిదింటినీ వదిలించుకుంటే మిగిలేది ఓపికతో చేసే పనే.

ముందు ప్లేయర్

డిస్కులు కొనడం మొదలుపెట్టాక ప్లేయర్ గురించి ఆలోచిస్తే అప్పటికే కొన్ని డిస్కులు అలంకారానికే మిగులుతాయి. ప్రపంచాన్ని రీజియన్లుగా విడగొట్టి, ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో నడవకుండా తాళం వేస్తారు. డీవీడీలకు ఆరు రీజియన్లు: 1 అమెరికా, కెనడా, 2 యూరప్, జపాన్, పశ్చిమాసియా, 3 ఆగ్నేయాసియా, కొరియా, హాంకాంగ్, తైవాన్, 4 ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికా, 5 భారత్, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం, 6 చైనా. బ్లూ-రేకు మూడే. ఏ అంటే ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా. బీ అంటే యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా, ఆస్ట్రేలియా. సీ అంటే భారత్, చైనా, రష్యా, మధ్యాసియా. 2016లో వచ్చిన 4కె యూహెచ్‌డీ డిస్కులకు రీజియన్ బెడద లేదు. కానీ అదే పెట్టెలో తోడుగా పెట్టే మామూలు బ్లూ-రేకు తాళం ఉండొచ్చు. అనుబంధ విశేషాలన్నీ తరచుగా ఆ డిస్కులోనే ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

క్లాసిక్ సినిమాలు వేసే లేబుళ్ళు ఎక్కువగా ఏ, బీ రీజియన్లలో ఉన్నాయి. ఒక్క రీజియన్‌కే కట్టుబడితే సగం అర అందనట్టే. చాలా డీవీడీ ప్లేయర్లకు రిమోట్‌లో కొన్ని అంకెలు నొక్కితే రీజియన్ తాళం ఊడుతుంది. బ్లూ-రే ప్లేయర్లకు అది అంత తేలిక కాదు, మామూలుగా లోపల చిప్ మార్చిన యంత్రమే కొనాలి. కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్ రీజియన్‌ను అయిదుసార్లే మార్చనిస్తుంది. అయిదోసారి పెట్టిన రీజియన్ దగ్గర అది బిగుసుకుపోతుంది.

రీజియన్ వేరు, పాల్-ఎన్టీఎస్సీ తేడా వేరు. ఈ రెండూ వేరువేరు దేశాలు వాడిన పాత టీవీ పద్ధతులు. జపాన్ డీవీడీ రీజియన్ 2, కానీ ఎన్టీఎస్సీ. ఇంగ్లండ్ డీవీడీ కూడా రీజియన్ 2, కానీ పాల్. ఎన్టీఎస్సీ బొమ్మకు 480 గీతలు, పాల్‌కు 576. గీతలు ఎక్కువున్నాయి కదా అని పాల్ వైపు మొగ్గేముందు ఒక చిక్కు తెలియాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ 25. ఆ తేడాను పూడ్చడానికి సినిమాను నాలుగు శాతం వేగంగా నడిపిస్తారు. వంద నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది. శ్రుతి సరిచేయకపోతే గొంతులన్నీ అర్ధస్వరంలో దాదాపు ముప్పావు వంతు పైకి లేస్తాయి. పాటలు, పియానో ఉన్న సినిమాల్లో చెవి పట్టేస్తుంది. డీవీడీ అట్ట మీద నిడివి తక్కువ కనిపించగానే "సెన్సార్ కోశారు" అని తేల్చేయకుండా, ఆ అంకెను 25తో గుణించి 24తో భాగించండి. అసలు నిడివి వస్తే కోత లేనట్టే. బ్లూ-రేలో 24 ఫ్రేములు యథాతథంగా నడుస్తాయి కాబట్టి ఈ గొడవ దాదాపు లేదు. పాత టీవీ మాస్టర్‌తో చేసిన కొన్ని యూరప్ బ్లూ-రేలు మాత్రం 50 హెర్ట్జ్‌లో ఉంటాయి, వాటిని కొన్ని టీవీలు అసలు తీసుకోవు.

ప్లేయర్ వచ్చాక అయిదు నిమిషాల పని ఉంది. ప్లేయర్‌లో 24పీ (సెకనుకు 24 ఫ్రేములు) అవుట్‌పుట్ ఆన్ చేయాలి. టీవీలో కదలికను నున్నగా చేసే ఆప్షన్, నాయిస్ తగ్గించేది, బొమ్మ అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్, మూడూ ఆపాలి. షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే ఇందులో చాలా భాగం ఒక్క మీటతో అయిపోతుంది. ఇది చేయకుండా డిస్కుల నాణ్యత పోల్చడం మురికి కళ్ళద్దాలతో బట్టల రంగు ఎంచుకోవడమే.

ఏ ప్రతి అన్నది ఎలా తేల్చుకోవాలి

మొదటి ప్రశ్న: బొమ్మ దేన్నుంచి తీశారు? కెమెరాలో నడిచిన అసలు నెగటివ్ నుంచా, దాన్నుంచి తీసిన పాజిటివ్ నుంచా, థియేటర్లలో తిరిగి అరిగిన ప్రింట్ నుంచా? ఒక్కో మెట్టు దిగేకొద్దీ వివరం పోతుంది, నలుపు తెలుపుల మధ్య ఛాయలు పోతాయి. మంచి లేబుల్ అయితే ఈ సంగతి అట్ట వెనకో బుక్‌లెట్ చివరి పేజీలోనో రాస్తుంది: ఏ ఆర్కైవ్, ఏ మూలం, 2కె స్కానా 4కె స్కానా (బొమ్మ వెడల్పున సుమారు రెండు వేల చుక్కలా, నాలుగు వేలా), రంగుల పని ఎవరి పర్యవేక్షణలో జరిగింది. ఒక్క ముక్క కూడా లేకుండా "డిజిటల్‌గా మెరుగుపరిచాం" అని మాత్రమే ఉంటే అనుమానించండి.

4కె అన్న అంకె భారీ సినిమాల మీద ఎంత చెబుతుందో ఇక్కడా అంతే చెబుతుందనుకోవద్దు. ఒక్కోసారి ఎక్కువే చెబుతుంది. డిజిటల్ యుగపు భారీ సినిమాలు చాలావాటికి తుది మెరుగులు 2కెలోనే జరిగాయి, డిస్క్ కోసం దాన్ని పెంచారు. యాభయ్యేళ్ళ నాటి 35 ఎంఎం నెగటివ్ బతికి ఉంటే అందులో నిజమైన 4కె వివరం ఉంటుంది. అదే 16 ఎంఎంలో తీసిన సినిమాకో, నెగటివ్ పోయి నకలు ప్రింట్ ఒక్కటే మిగిలిన సినిమాకో 4కె డిస్క్ అదనంగా ఇచ్చేది కొంచెమే. అలాంటి చోట మంచి బ్లూ-రే ఉంటే మళ్ళీ డబ్బు పెట్టక్కర్లేదు.

మూలం దెబ్బతిన్న సినిమాల్లో ఒక సన్నివేశం అద్దంలా, తర్వాతి సన్నివేశం మసకగా ఉండటం మామూలే. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలినవాటిని బాగుచేసి, పూడ్చలేని భాగాలకు వేరే నకళ్ళు వాడి 2015లో కొత్త ముద్రణ తెచ్చారు. అలాంటి డిస్కులో మధ్యమధ్య నాణ్యత దిగితే అది డిస్క్ లోపం కాదు, సినిమా పడ్డ కష్టం.

రెండో ప్రశ్న గ్రెయిన్ గురించి. ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడేదే ఆ రేణువులతో. వాటిని నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే చర్మం మైనంలా, గడ్డి పచ్చరంగు పూసిన గోడలా తయారవుతుంది. తుడిచాక పోయిన పదును తిరిగి తెచ్చినట్టు కనిపించాలని అంచులకు గీత పెంచుతారు. ఆకాశం ముందు నిలబడ్డ మనిషి తల చుట్టూ సన్నటి తెల్ల వలయం కనిపిస్తే అదే. పట్టుకోవడానికి సులువైన చోట్లు మూడు: ముఖం దగ్గరి షాట్‌లో చెంపలు, దూరపు షాట్‌లో చెట్ల ఆకులు, ఖాళీ గోడ. గోడ మీద రేణువులు సన్నగా కదులుతూ ఉంటే మంచిది. గడ్డకట్టినట్టు ఉండి కెమెరా కదిలినప్పుడు మాత్రమే జరిగితే తుడుపు పడింది. గళ్ళుగళ్ళుగా విరిగితే బిట్‌రేట్, అంటే సెకనుకు బొమ్మకు దక్కే సమాచారం, చాలలేదు.

బిట్‌రేట్ లెక్క కష్టమేం కాదు. బ్లూ-రే ఒక పొరకు 25 గిగాబైట్లు, రెండు పొరలకు 50. రెండున్నర గంటల సినిమాను ఒక పొర డిస్కులో ఇరికిస్తే, మెనూలకూ మిగతావాటికీ పోను 22 గిగాబైట్లు మిగిలాయనుకుంటే, శబ్దంతో కలిపి సెకనుకు 19, 20 మెగాబిట్ల కంటే రాదు. రెండు పొరలదైతే 40 దాటుతుంది. గ్రెయిన్ దట్టంగా ఉన్న నలుపు తెలుపు సినిమాకు ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఒకే డిస్కులో రెండు సినిమాలూ మూడు గంటల అనుబంధాలూ ఉన్నాయని అట్ట గొప్పగా చెబితే మురిసిపోకుండా ఈ లెక్క వేయండి. డిస్క్ చేతిలో ఉంటే బీడీఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం కంప్యూటర్‌లో కచ్చితమైన అంకెలు చూపిస్తుంది.

కొనకముందు పోల్చుకోవడానికి డీవీడీ బీవర్, క్యాప్స్-ఎ-హోలిక్ లాంటి సైట్లలో వేరువేరు డిస్కుల ఫ్రేములు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ మొదట చూడాల్సింది పదును కాదు, ఫ్రేము అంచులు. ఒక ప్రతిలో కుర్చీ కాలు కనిపించి ఇంకోదాంట్లో కనిపించకపోతే కత్తిరింపు ఎక్కడో తెలుస్తుంది. ఆ తర్వాత ఛాయలు: తెల్లచొక్కా మడతలు, చీకట్లో కోటు బొత్తాలు ఉన్నాయా, మాయమయ్యాయా. రంగు ఆఖరున. 4కె హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) డిస్కుల స్టిల్స్ చూసి మాత్రం వెలుగు గురించి తీర్పు ఇవ్వొద్దు, మామూలు మానిటర్ మీద అవి ఎప్పుడూ తప్పుగానే కనిపిస్తాయి.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ ఈ అరలో ఆ సామెత సగంసార్లే చెల్లుతుంది. దర్శకుడే వచ్చి పాత సినిమాను మార్చేసిన సందర్భాలున్నాయి. హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్-వాయ్ సినిమాల కొత్త 4కె పునరుద్ధరణలో 1995 నాటి ఫాలెన్ ఏంజెల్స్‌ను ఆయనే 1.85 నిష్పత్తి (ఎత్తుకు వెడల్పు ఎన్ని రెట్లో) నుంచి 2.39కి మార్చారు, కొన్ని సినిమాల రంగులూ మారాయి. అది ఆయన ఇష్టం. కానీ థియేటర్లో ఆడిన రూపం కావాలంటే పాత డిస్క్ పారేయకూడదు. ఇటీవలి కొన్ని పునరుద్ధరణల్లో బొమ్మంతా పసుపు వైపు ఒరిగిందన్న తగువు కూడా ఉంది. అసలు రంగులు ఎవరికీ నిక్కచ్చిగా గుర్తుండవు కాబట్టి ఆ తగువు ఇప్పట్లో తేలేది కాదు. రెండు ముద్రణలూ నచ్చితే రెండూ ఉంచుకోవడం పిచ్చి కాదు.

మూకీల సంగతి ఇంకో లోకం. ఎన్ని ఫ్రేముల వేగంతో నడిపారు, సంగీతం ఎవరిది, ఏ నకలు నుంచి కూర్చారు, మూడూ డిస్క్ డిస్కుకీ మారతాయి. 1981లో ఓస్లోలోని ఒక మానసిక చికిత్సాలయంలో మంచి ప్రింట్ దొరికిన ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్‌ను సెకనుకు 20 ఫ్రేముల వేగంతో చూస్తే 97 నిమిషాలు, 24తో చూస్తే 81. రెండూ ఇచ్చే డిస్కులున్నాయి, అలాంటిదే కొనాలి. మెట్రోపొలిస్‌కు 2008లో బ్యూనస్ ఐరిస్‌లో 16 ఎంఎం నకలు బయటపడి, 2010లో దాదాపు 25 నిమిషాలు తిరిగొచ్చాయి. ఆ కలిసిన భాగాలు గీతలతో నిండి ఉంటాయి. ఎక్కడా గీత లేని ప్రతి కనిపించిందంటే అది పాత, పొట్టి రూపం.

తెర నిండకపోవడం

మూకీల నిష్పత్తి 1.33, ముప్పైలు నలభైల సినిమాలది 1.37, యూరప్‌లో యాభైల తర్వాత చాలావాటిది 1.66, అమెరికాలో 1.85, స్కోప్ (బాగా వెడల్పు తెర) సినిమాలది 2.35 లేదా 2.39. ఇప్పటి టీవీ 1.78. అంటే పాత సినిమాకు రెండు పక్కలా, స్కోప్ సినిమాకు పైనా కిందా నల్లపట్టీలు ఉండి తీరాలి. 1940 నాటి సినిమా టీవీ నిండా వస్తోందంటే తలలో పాదాలో కోసేశారు, లేదా మనుషుల్ని అడ్డంగా సాగదీశారు. టీవీలో "నిండుగా చూపు" ఆప్షన్ వాడి మనమే ఆ పాపం చేయడం కూడా మామూలే.

పాత డీవీడీల్లో ఇంకో గోతి ఉంది. బొమ్మను అడ్డంగా నొక్కి దాచి, చూపేటప్పుడు మళ్ళీ వెడల్పు చేసే పద్ధతిని అనామార్ఫిక్ అంటారు. అనామార్ఫిక్ కాని స్కోప్ డీవీడీలో, ఎన్టీఎస్సీ అయితే, 480 గీతల్లో అసలు బొమ్మకు దక్కేవి 270 మాత్రమే. మిగతాదంతా నలుపు. అనామార్ఫిక్ అయితే 360 దాకా వస్తాయి. అట్ట వెనక "16:9కి అనుగుణం" లాంటి మాట కోసం వెతకండి. "లెటర్‌బాక్స్" అని మాత్రమే ఉంటే మొదటి రకం కావొచ్చు, టీవీ మధ్యలో తపాలా బిళ్ళంత బొమ్మ వస్తుంది.

శబ్దం, సబ్‌టైటిల్స్

మోనోలో (శబ్దమంతా ఒకే ట్రాక్‌లో) తీసిన సినిమాకు మోనోనే ఉండాలి. దాన్ని 5.1గా, అంటే చుట్టూ ఆరు స్పీకర్లకు, పరచడానికి శబ్దాలను విడదీసి గుహలో మాట్లాడినట్టు చేస్తారు, కొన్నిసార్లు కొత్త అడుగుల చప్పుళ్ళు కూడా కలుపుతారు. 5.1 ఉన్నా ఫర్వాలేదు, పక్కన అసలు మోనో ట్రాక్ ఉందో లేదో చూసుకోవాలి. ఆ ట్రాక్ కుదించని ఎల్‌పీసీఎం గానీ, నాణ్యత పోకుండా కుదించిన డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో గానీ అయితే మేలు. ఒకే మోనో రెండు స్పీకర్లలో వస్తే 2.0 అని రాస్తారు, అది స్టీరియో అని భ్రమపడొద్దు. బరబరమనే చప్పుడు మొత్తం తుడిచేసిన ట్రాక్‌లో మాటల్లోని స, ష కూడా పోతాయి. కాస్త చప్పుడు మిగిలిన ట్రాక్ దానికంటే నయం.

సబ్‌టైటిల్స్ దగ్గర చూసుకోవాల్సినవి ఇవి. అవి బొమ్మలోనే ముద్రించి ఉన్నాయా, తీసేసే వీలుందా. భాష ఏది: ఫ్రాన్స్, జపాన్ డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లిష్ ఉండదు, బొమ్మ ఎంత బాగున్నా భాష రాకపోతే వృథా. మూడోది మోసపూరితమైనది. కొన్ని డిస్కుల్లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అసలు భాష నుంచి అనువదించినవి కావు, ఇంగ్లిష్ డబ్బింగ్‌ను రాసిపెట్టినవి. పాత హాంకాంగ్ యాక్షన్ సినిమాల్లోనూ ఇటాలియన్ సినిమాల్లోనూ ఇది కనిపిస్తుంది. పాత్ర నోరు మూసుకుని ఉన్నప్పుడు కూడా కింద వాక్యం పడుతుంటే, లేదా పొడుగు మాటకు పొట్టి వాక్యం ఠంచనుగా వస్తుంటే అనుమానించాల్సిందే.

ఎవరి దగ్గర, ఎప్పుడు

లేబుళ్ళ తీరు తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. అమెరికా లేబుల్ క్రైటీరియన్ 1984లో లేజర్‌డిస్కులతో (డీవీడీకి ముందటి పెద్ద డిస్కులు) మొదలైంది. కింగ్ కాంగ్ డిస్కులో సినిమాతో పాటు వ్యాఖ్యానం నడిపించే పద్ధతి అక్కడే పుట్టింది. వీపు మీద వరస అంకెలు వేస్తుంది. అదే సేకరించేవాళ్ళకు వ్యసనం కూడా, అంకెలు పూడ్చడం కోసం ఇష్టంలేని సినిమా కొనేవాళ్ళు కొల్లలు. ఇంగ్లండ్ నుంచి యురేకా వారి మాస్టర్స్ ఆఫ్ సినిమా, బీఎఫ్ఐ, ఇండికేటర్ బుక్‌లెట్లకూ మూలం వివరాలకూ పేరున్నవి. సెకండ్ రన్ చెక్, స్లొవాక్, హంగేరియన్, పోలిష్ సినిమాల మీద గట్టిగా పనిచేసింది. ఫ్లికర్ ఆలీ మూకీలకు. ఒక లేబుల్ అన్నిట్లోనూ మేలు కాదు. అదే పునరుద్ధరణను ఇద్దరు తీసుకున్నా ఒకరు బాగా ఎన్‌కోడ్ చేస్తారు, ఇంకొకరు మంచి అనుబంధాలు ఇస్తారు.

ఇక ధర. "పరిమిత ముద్రణ" అని అంకెతో సహా రాసి ఉంటే, కావాల్సిన సినిమా అయితే ఆగకుండా తీసుకోండి. అయిపోయాక మామూలు పెట్టెలో మళ్ళీ వచ్చినా బుక్‌లెట్ ఉండకపోవచ్చు. పరిమితం కానిది అయితే తొందరపడొద్దు, చాలా లేబుళ్ళు ఏడాదిలో కొన్నిసార్లు సగం ధరకు అమ్ముతాయి. హక్కు గడువు తీరబోతోందని లేబుల్ ముందే చెబితే అదే ఆఖరి అవకాశం అనుకోవాలి. 2010లో ఫ్రెంచ్ సంస్థ స్టూడియోకెనాల్ సినిమాల హక్కులు చేజారడంతో క్రైటీరియన్ పట్టికలోంచి చాలా సినిమాలు ఒక్కసారిగా పోయాయి. అలా ముద్రణ ఆగిన డిస్కులకు ఆకాశమంత ధర పలుకుతుంది. ఆ ధరకు కొనేముందు ఒక ప్రశ్న: ఈ సినిమాకు కొత్త పునరుద్ధరణ జరిగిందా? జరిగి ఉంటే ఎవరో ఒకరు డిస్క్ వేస్తారు, పాతదాని ధర కూలుతుంది. పసోలినీ సినిమా సాలో మొదటి క్రైటీరియన్ డీవీడీ 1998లో వచ్చి ఆగిపోయాక ఏళ్ళ తరబడి బంగారం ధర పలికింది, 2008లో కొత్తది రాగానే దాని అవసరం తీరిపోయింది.

ధర పెరిగే చోట నకిలీ పుడుతుంది. డిస్క్ అడుగు చూడండి. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డీవీడీ అడుగు వెండి రంగు, రెండు పొరలదైతే లేత బంగారు రంగు. ఊదా, నీలి ఛాయ ఉంటే కంప్యూటర్‌లో రాసిన (బర్న్ చేసిన) డిస్క్. కొన్ని లేబుళ్ళు నిజంగానే అడిగినవాళ్ళకు అలా రాసి అమ్ముతాయి, కానీ ఆ మాట అట్ట మీద ఉంటుంది. బ్లూ-రేలకు రంగు అంత నమ్మకమైన గుర్తు కాదు. అక్కడ లోపలి వలయంలో చెక్కిన సంఖ్య, అచ్చు పదును, హక్కుదారు పేరు చూడాలి. అట్ట మీద హక్కుదారు పేరే లేక, ఇంకెవరూ వేయని సినిమా ఆ ఒక్కచోటే దొరుకుతుంటే, అది టీవీ ప్రసారం నుంచి ఎత్తిన బొమ్మ కావడానికే ఎక్కువ ఆస్కారం. పాతవి కొనేటప్పుడు అమ్మేవాళ్ళను మూడు ఫొటోలు అడగండి: అడుగు భాగం దీపం కింద ఏటవాలుగా, లోపలి వలయం, అట్ట వెనక వైపు. ఇవ్వడానికి గునిసేవాళ్ళ దగ్గర కొనకండి.

వచ్చిన రోజే

సీల్ విప్పకుండా అరలో పెడితే, లోపం రెండేళ్ళ తర్వాత తెలుస్తుంది, అప్పటికి మార్చుకునే గడువు ఉండదు. మొత్తం చూసే తీరిక లేకపోతే మొదటి అయిదు నిమిషాలు, సరిగ్గా మధ్య భాగం, చివరి పది నిమిషాలు చూడండి. మధ్య భాగం ఎందుకంటే, రెండు పొరల డీవీడీలో మొదటి పొర లోపలి నుంచి అంచు దాకా నడిచి, రెండోది అంచు నుంచి లోపలికి వస్తుంది. కాబట్టి సినిమా నడిమి భాగం డిస్క్ వెలుపలి అంచున ఉంటుంది. వేలిముద్రలు, గీతలు, కుళ్ళు (డిస్క్ లోపలి పొర పాడవడం) ఎక్కువగా తగిలేది అక్కడే. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే కంప్యూటర్ డ్రైవ్‌లో డిస్క్ మొత్తం చదివించాలి. ఎక్కడైనా వేగం పడిపోయి మళ్ళీమళ్ళీ ప్రయత్నిస్తుంటే ఆ డిస్క్ తిప్పి పంపాల్సిందే.

మూడు పొరల 100 గిగాబైట్ల యూహెచ్‌డీ డిస్కులు కొత్తవి కూడా ఆగిపోతుంటాయి. వెంటనే లోపమనకుండా ముందు తుడిచి చూడండి, పెట్టె నుంచి అంటిన జిడ్డుకే అవి మొరాయిస్తాయి. తుడవడం ఎప్పుడూ నడిమి రంధ్రం నుంచి అంచు వైపు తిన్నగానే, గుండ్రంగా కాదు. ప్లేయర్‌లోని దోష సవరణ పద్ధతి సమాచారంలో పడ్డ పొట్టి ఖాళీని పూడ్చగలదు. అడ్డంగా పడ్డ గీత ఒక్కో ట్రాక్‌ను చిటికెడంతే తాకుతుంది. ట్రాక్ వెంబడి గుండ్రంగా పడ్డ గీత పొడుగ్గా సమాచారాన్ని మింగేస్తుంది, దాన్ని పూడ్చలేదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, డిస్టిల్డ్ వాటర్, మొండి జిడ్డుకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. గీతలకు టూత్‌పేస్ట్ రుద్దమనే సలహా బ్లూ-రే దగ్గర ఎంతమాత్రం పనికిరాదు. డీవీడీలో సమాచారం పై పొర నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, పాలిష్ పెట్టడానికి కాస్త చోటుంది. బ్లూ-రేలో ఆ లోతు 0.1 మాత్రమే.

దాచడం

డిస్కుల్ని నిలబెట్టాలి, పడుకోబెట్టి దొంతర పెట్టకూడదు. చల్లగా, పొడిగా, చీకటిగా ఉండాలి. ఎక్కువకాలం దాచేవాళ్ళకు 20 డిగ్రీలు మించని చల్లదనం, 20 నుంచి 50 శాతం తేమ మంచివని ఆర్కైవ్ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంట్లో అంత కుదరకపోయినా రోజూ వేడెక్కి చల్లారే గోడ, ఎండ పడే కిటికీ పక్క, వంటింటి గోడ వద్దు. డిస్క్ మీద కాగితం లేబుళ్ళు అంటించొద్దు, జిగురు పొరను తింటుంది, తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. తీసేటప్పుడు నడిమి బొడిపెను నొక్కి ఎత్తాలి, అంచు పట్టి వంచితే అతికించిన పొరలు విడతాయి.

అట్టతో చేసిన అందమైన పెట్టెలే పెద్ద శత్రువులు. బిగుతుగా ఉన్న అట్టసంచిలోంచి డిస్కును లాగిన ప్రతిసారీ గీత పడుతుంది. అలాంటివి వస్తే డిస్కుల్ని విడి ప్లాస్టిక్ పెట్టెల్లోకి మార్చి, అసలు పెట్టెను పక్కన ఉంచండి. మామూలు డీవీడీ పెట్టె మందం 14 మిల్లీమీటర్లు, ఎత్తు 190. మీటరు అరలో 70 పడతాయి. లోతు 15 సెంటీమీటర్లు చాలు. బ్లూ-రే పెట్టెలు రెండు సెంటీమీటర్లు పొట్టి. అర ఎత్తు మాత్రం డీవీడీలకు సరిపడా పెట్టుకోండి, బాక్స్ సెట్లు ఇంకా పొడుగుంటాయి.

కుళ్ళు పట్టిన డిస్కును దీపం ఎదుట పెడితే సూదిపోట్లలాంటి చుక్కలో, అంచున టీ మరకలాంటి గోధుమరంగో కనిపిస్తుంది. కనిపించకుండా చదవడం ఆగిపోయేవీ ఉంటాయి. దీనికి మందు లేదు. చల్లగా దాచితే నెమ్మదిస్తుందేమో గానీ, కర్మాగారంలో అతుకు చెడిన డిస్క్ ఎలాగూ పోతుంది. అందుకే రెండేళ్ళకోసారి కొన్నిటిని తీసి నడిపించి చూడాలి, ముఖ్యంగా మళ్ళీ దొరకనివాటిని.

చివరగా ఒక పట్టిక, స్ప్రెడ్‌షీట్ అయినా సరే. సినిమా, ఏడాది, లేబుల్, వీపు మీది సంఖ్య, రీజియన్, మూలం, నిష్పత్తి, నిడివి, సబ్‌టైటిల్ భాషలు, కొన్న తేదీ, ఆఖరుసారి నడిపి చూసిన తేదీ. మూలం గడి ఖాళీగా ఉన్న వరసలే ముందు మార్చాల్సిన డిస్కులు. కొత్త పునరుద్ధరణ వార్త వచ్చినప్పుడు ఆ గడి వైపు ఒకసారి చూస్తే, కొనాలో అక్కర్లేదో అక్కడే తెలిసిపోతుంది.